ఒకే ఖాతాలో అన్ని లిపులు
ఖాతాదారు పేరు తెలుగులో, సరుకు వివరాలు హిందీలో ఉన్న బిల్లును ఒకే కంప్యూటర్‌లో భద్రపరచడం 1990వ దశకంలో కష్టసాధ్యంగా ఉండేది. ఒక్కొక్క సాఫ్ట్‌వేర్ సంస్థ తన ఫాంటుకు తనవైన సంకేత సంఖ్యలను వాడడమే ఇందుకు ప్రధాన కారణం. ఆ ఫాంటు లేని చోట పేర్లు అర్థం లేని గుర్తులుగా కనిపించేవి.

భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ఇస్కీ సంకేత పద్ధతిని ప్రమాణంగా ప్రకటించింది. అయితే అందులో తెలుగు ‘క’కూ, దేవనాగరి ‘క’కూ సంఖ్య ఒకటే. లిపి ఏదో విడిగా తెలపవలసి వచ్చేది. అదే ఏడాది వెలువడిన యూనికోడ్, ఇస్కీ అక్షరక్రమాన్ని చాలావరకు అనుసరిస్తూనే, తెలుగు సహా ప్రధాన భారతీయ లిపులకు 128 స్థానాల చొప్పున వేర్వేరుగా కేటాయించింది. రూపాయి చిహ్నానికి 2010లో అందులో చోటు దక్కింది.

అయినా పాత ఫాంట్లలోని ఖాతాలు వాటంతటవి మారవు. వాటిని యూనికోడ్‌లోకి మార్చి సరిచూడనిదే, బాకీ ఉన్నా ఖాతాదారు పేరు వెతికితే దొరకదు.