మీకు తెలుసా? భుజం నొప్పికి మూలం బోరునీళ్లు కావచ్చు

భుజం పట్టేసిందంటే తప్పు ఎప్పుడూ భుజానిదే కాదు. నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో అది ఫ్లోరోసిస్ కావచ్చు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే లిగమెంట్లలో సున్నం పేరుకుని కీళ్లు బిగుసుకుంటాయి.

దీన్ని అనుమానించడానికి యంత్రాలేవీ అక్కర్లేదు. మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు అందుకోవాలి, గడ్డం ఛాతీకి ఆనించాలి, చేతులు పక్కలకు చాపి మడిచి తల వెనుక భాగాన్ని తాకాలి. భుజాల సంగతి చెప్పేది మూడోదే: జడ వేసుకోవడానికి చేతులు వెనక్కి పోని మనిషి ఇక్కడ దొరికిపోతుంది. నడుము, మెడ, రెండు భుజాలు కలిసి బిగిస్తే అనుమానం బలపడుతుంది.

ఒక్క భుజమే నొస్తే దారి వేరు. మోచేతిని రోగి పక్కకు ఆనించి, డాక్టర్ ముంజేతిని మెల్లగా బయటికి తిప్పుతారు. ఎంత తిప్పినా కదలకపోతే అది ఫ్రోజెన్ షోల్డర్ కావచ్చు. షుగర్ ఉన్నవారిలో ఎక్కువ. రోగి తనంతట తాను ఎత్తలేని చేయి డాక్టర్ ఎత్తితే లేస్తే, లోపం స్నాయువులో ఉండొచ్చు. పాలమూరు వలస కూలీల్లా బరువులు పైకెత్తే పనివాళ్లలో దీన్ని తప్పక చూడాలి. చేయి పక్కనుంచి లేపేటప్పుడు 60 నుంచి 120 డిగ్రీల మధ్యనే నొప్పి రావడం స్నాయువు లోపానికి మరో గుర్తు. భుజం హాయిగా తిరుగుతూ, నడిచినప్పుడు ఎడమవైపు లాగితే మాత్రం ముందు గుండెను చూపించుకోవాలి.

ఫ్లోరోసిస్‌ను మూత్ర పరీక్ష, ముంజేతి ఎక్స్‌రే, తాగే నీటి పరీక్షతో నిర్ధారిస్తారు.