ఒకే జాబితా, పలు పనిముట్లు

ఖరగ్‌పూర్‌లో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలావరకు రైల్వేను నమ్ముకుని వచ్చినవే. అక్కడి స్టోర్స్ డిపోలో బేరింగు కావాలన్నా బోల్టు కావాలన్నా పేరొక్కటే చెబితే చాలదు, పీఎల్ నంబరు రాయాలి. ఎనిమిది అంకెల ఆ సంఖ్యలో మొదటి రెండూ వస్తువు ఏ వర్గానిదో చెబుతాయి. చివరి అంకె, మిగతా ఏడింటినీ రాయడంలో పొరపాటు జరిగితే పట్టిస్తుంది. అందుకే వర్క్‌షాపు పెట్టిన ఇండెంటులోనూ, డిపో లెక్కల్లోనూ, కొనుగోలు టెండరులోనూ ఉన్నది ఒకే వస్తువని నిస్సందేహంగా తెలుస్తుంది.

సాఫ్ట్‌వేర్ ఇంకా ఆ స్థితికి చేరలేదు.

అదే ఊళ్లోని ఐఐటీలో పరమ్ శక్తి అనే సూపర్ కంప్యూటర్ 2022లో ప్రారంభమైంది. దాని సామర్థ్యం 1.66 పెటాఫ్లాప్స్, అంటే సెకనుకు దాదాపు 1,660 లక్షల కోట్ల లెక్కలు. అలాంటి యంత్రం మీద నడపాలని ఒక విద్యార్థి ముందు తన ల్యాప్‌టాప్‌లో పైథాన్ ప్రోగ్రాం రాసుకున్నాడనుకోండి. అది ఒంటరిగా నడవదు. లెక్కలకు నమ్‌పై అనే లైబ్రరీ కావాలి, బొమ్మలకు పిల్లో కావాలి, వాటికి మళ్లీ వేరేవి కావాలి. ఇవే డిపెండెన్సీలు. వాటిని తెచ్చిపెట్టడానికి ల్యాప్‌టాప్‌లో పిప్, కోండా ఉన్నాయి. డెబియన్ లినక్స్‌కు తన సొంత ప్యాకేజీల పద్ధతి ఉంది. సూపర్ కంప్యూటర్ల అవసరాల కోసం అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో స్పాక్ పుట్టింది. ఒక్కోటీ జాబితాను ఒక్కో తీరులో అడుగుతుంది. నాలుగు చోట్ల రాసిన జాబితా కొన్నాళ్లకు నాలుగు రకాలుగా తయారవుతుంది. కొత్త లైబ్రరీ ఒక ఫైలులో చేరుతుంది, మిగతా మూడింటికీ ఆ సంగతే తెలియదు.

పైథాన్‌లో ఒకప్పుడు చిక్కు ఇంకా ముదిరి ఉండేది. డిపెండెన్సీలను సెటప్.పై అనే ఫైలులో రాసేవారు. నిజానికి అది జాబితా కాదు, ప్రోగ్రాం. అందులో ఏముందో తెలియాలంటే దాన్ని నడపాలి. నడవడానికి దానికే కొన్ని ముందుగా కావాలి. అవేమిటో అది నడిస్తే గానీ బయటపడదు! పైగా, ఒక జాబితా చదవడానికి ముక్కూమొహం తెలియని వాళ్ల కోడును మన యంత్రంలో నడపాల్సి రావడం ఎంత ప్రమాదం? 2016లో పెప్ 518 అనే ప్రతిపాదన పైప్రాజెక్ట్.టామ్ల్ అనే మామూలు ఫైలును ముందుకు తెచ్చింది. చదవడమే తప్ప నడపాల్సిన పని లేని ఫైలు అది. ప్రాజెక్టు పేరు, వెర్షన్, డిపెండెన్సీలు అందులో ఎలా రాయాలో 2020 నాటి పెప్ 621 నిర్దేశించింది. సెటప్‌టూల్స్, హ్యాచ్, పీడీఎం అనే పనిముట్లు దాన్ని అనుసరించాయి. సొంత పద్ధతి పెట్టుకున్న పొయెట్రీ కూడా 2025 జనవరిలో వచ్చిన 2.0తో ఈ దారికి వచ్చింది. ఎవరి పనిముట్టునూ మానుకోమనకుండా జాబితాను మాత్రం ఉమ్మడి ఆస్తి చేసిన ఈ పద్ధతి నాకెంతో నచ్చుతుంది.

జాబితాలోనూ రెండు రకాలున్నాయి. 'నమ్‌పై 1.26 గానీ ఆపైది గానీ' అన్నది అవసరం చెప్పడం. 'సరిగ్గా 1.26.4, దాని ఫైలును గుర్తుపట్టే హ్యాష్ ఇది' అన్నది దొరికినదాన్ని నమోదు చేయడం. ఆరు నెలల తర్వాత అదే ఫలితం మళ్లీ రాబట్టాలనుకునే పరిశోధకుడికి రెండోది ప్రాణం. అందుకోసం ఒక్కో పనిముట్టు తనకు మాత్రమే అర్థమయ్యే లాక్ ఫైలు రాసుకుంటూ వచ్చింది. 2025 మార్చిలో ఆమోదం పొందిన పెప్ 751 దీనికీ ఒక ఉమ్మడి రూపం ఇచ్చింది.

రాసే తీరు కుదిరినా పేర్లు కుదరలేదు, అసలు కష్టం అక్కడే ఉంది. పిప్ నమ్‌పై అన్నదాన్ని డెబియన్ పైథాన్3-నమ్‌పై అంటుంది, స్పాక్ పై-నమ్‌పై అంటుంది. ఇది ఊహించుకోగలిగిన తేడాయే. కానీ పిల్లో డెబియన్‌లో పైథాన్3-పిల్ అవుతుంది. పిప్‌కు టార్చ్ అయినది కోండాకు పైటార్చ్. ఓపెన్‌సీవీని పిప్‌తో తెచ్చుకునేటప్పుడు ఓపెన్‌సీవీ-పైథాన్ అనాలి, ప్రోగ్రాంలో పిలిచేటప్పుడు సీవీ2 అనాలి. వీటన్నిటికీ పీఎల్ నంబరు లాంటిదేదీ లేదు. పైథాన్ పరిధి దాటి సీ లైబ్రరీలు, ఫోర్ట్రాన్ కంపైలర్ల దగ్గరికి వెళితే ఈ తేడాలు మరింత పెరుగుతాయి.

ఇది ప్రోగ్రామర్ల ఇంటి గొడవ మాత్రమే కాదు. 2021 డిసెంబరులో లాగ్4జే అనే జావా లైబ్రరీలో పెద్ద లోపం బయటపడినప్పుడు, అది తమ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడుందో తెలియక ప్రపంచమంతటా సంస్థలు వెతుకులాడాయి. ఏ సాఫ్ట్‌వేర్‌లో ఏ భాగాలున్నాయో తెలిపే పట్టికను ఎస్‌బామ్ అంటారు. దానిపై మన దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు వెలువరించింది. ఈ పట్టికల్లో భాగాలను గుర్తించడానికి ప్యాకేజీ యూఆర్ఎల్ అనే రాత విధానం వాడుతున్నారు. వస్తువు పేరుతోపాటు అది ఏ భాండాగారం నుంచి వచ్చిందో కూడా అందులో ఉంటుంది. అయితే పైథాన్ ప్యాకేజీల భాండాగారమైన పైపీఐలోని నమ్‌పై, డెబియన్‌లోని పైథాన్3-నమ్‌పై మూలంలో ఒకటేనన్న సంగతి అది చెప్పదు. ఆ పొంతన పట్టికను ఎవరో ఒకరు పూనుకుని రాయాలి, పేరు మారినప్పుడల్లా దిద్దాలి.