దూరం చాలని బాంబు

ఎండ ముదరకముందే మందు కలిపేయాలి. తమిళనాడులో తిరుత్తంగల్, శివకాశి చుట్టుపక్కల బాణసంచా పనిలో ఉన్నవాళ్లు మొట్టమొదట నేర్చుకునే సంగతి ఇదే. అల్యూమినియం పొడి, గంధకం, పొటాషియం నైట్రేట్ విడివిడిగా ఉంటే గిడ్డంగిలోని మామూలు సరుకు. కలిశాక అది మందు. రాపిడికి అంటుకుంటుంది, వేడికి అంటుకుంటుంది, పాలిస్టరు చీర రేపే చిన్న నిప్పురవ్వకైనా అంటుకుంటుంది. అందుకే అక్కడ ఒంటిమీద నూలుబట్టలే ఉండాలి, ఇనుప సామాను గదిలోకి రాకూడదు. గదిలో నలుగురికి మించి పనిచేయకూడదు. ప్రమాదం వస్తే ఒక్క ఉరుకులో బయటపడేలా తలుపులుండాలి. గదికీ గదికీ మధ్య ఖాళీ జాగా వదలాలి.

ఈ నియమాలన్నిటి వెనకా ఒకే నమ్మకం ఉంది. పేలుడు అంటూ జరిగితే దానికి ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దుకు అవతల మనుషులుంటారు, వాళ్లు పరుగెత్తుకొస్తారు. గాయపడినవాళ్లను శివకాశి ప్రభుత్వాసుపత్రికి చేరుస్తారు, అక్కడ చాలకపోతే మదురై తీసుకెళతారు. ఈ నమ్మకం ప్రతిసారీ నిలబడదు. 2012 సెప్టెంబరు 5న శివకాశి దగ్గర ముదలిపట్టిలో ఒక కర్మాగారం పేలినప్పుడు 40 మంది దాకా చనిపోయారు. వాళ్లలో చాలామంది ఆ కర్మాగారం పనివాళ్లు కారు, పొగ చూసి పరుగెత్తుకొచ్చిన చుట్టుపక్కలవాళ్లు. అంత ఘోరంలోనూ మిగిలినవాళ్లను మోసుకెళ్లడానికి రోడ్డు ఉంది, చేర్చుకోవడానికి ఆసుపత్రి ఉంది.

తిరుత్తంగల్ పాత ఊరు. కొండమీద నిన్ర నారాయణ పెరుమాళ్ గుడి 108 దివ్యదేశాల్లో ఒకటి. ఇప్పుడీ ఊరు శివకాశి నగరపాలికలో కలిసిపోయింది. ఈ నల్లరేగడి సీమలో, విరుదునగర్ నుంచి కోవిల్పట్టి దాకా, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. తమిళ కథకు ఈ నేల మాటను ఇచ్చిన కి. రాజనారాయణన్ కోవిల్పట్టి దగ్గరి ఇడైసెవల్ తెలుగింటి బిడ్డే. వాన తక్కువ నేల. సేద్యం ఒక్కటే అందరి కడుపూ నింపదు. 1922లో శివకాశి నుంచి షణ్ముగ నాడార్, అయ్య నాడార్ కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల పని నేర్చుకొచ్చారు. అగ్గిపుల్ల వెనకే టపాకాయ వచ్చింది.

ఆ టపాకాయల్లో పచ్చదారం బిగించి చుట్టిన ఉండ ఒకటి ఉంది. దాని పేరు ఆటంబాంబు. ప్రతి దీపావళికీ తెలుగునాట పిల్లలు కాల్చేదే. అందులో మందు కొంచెమే. చప్పుడు పెంచేది ఆ దారం. మందు అంటుకోగానే పుట్టిన వాయువు బయటికి తన్నుకొస్తుంది, చుట్టిన దారం దాన్ని క్షణంలో ఏ కొద్ది భాగమో ఆపుతుంది, ఆ ఆపిన కాస్తలో ఒత్తిడి పెరిగి ఒక్కసారిగా చీలుతుంది. దారం వదులైతే బాంబు తుస్సుమంటుంది.

నిజం ఆటంబాంబు చేసినవాళ్లకూ సరిగ్గా ఇదే చిక్కు ఎదురైంది.

1933 సెప్టెంబరులో లండన్ వీధిలో నడుస్తున్న భౌతికశాస్త్రవేత్త లియో సిలార్డ్‌కు ఒక ఆలోచన తట్టింది. ఒక న్యూట్రాన్ తగిలి పగిలే పరమాణువు రెండు న్యూట్రాన్లను వదిలితే, అవి మరో రెండింటిని, ఆ నాలుగు మరో నాలుగింటిని పగలగొడుతూ పోతాయి కదా! అలా పగిలే పదార్థం ఏదో అప్పటికి ఎవరికీ తెలియదు. 1938 డిసెంబరులో బెర్లిన్‌లో ఓటో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ చేసిన ప్రయోగంలో అది దొరికింది. పేరు యురేనియం. హిట్లరు నుంచి తప్పించుకుని స్వీడన్ చేరిన లీస్ మైట్నర్, ఆమె అక్క కొడుకు ఓటో ఫ్రిష్ జరిగిందేమిటో లెక్కగట్టి చెప్పారు.

ఆ లెక్క ఒకసారి చూడాలి. తిరుత్తంగల్ మందు మండినప్పుడు మారేది పరమాణువు పైపైన ఉండే ఎలక్ట్రాన్ల అమరిక. ఒక్కో పరమాణువుకు దక్కే శక్తి కొద్ది ఎలక్ట్రాన్ వోల్టులు. యురేనియం కేంద్రకం పగిలితే వచ్చేది సుమారు 20 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. మంచి మందుకూ చెడ్డ మందుకూ ఉన్న తేడా లాంటిది కాదిది. పదార్థంలో ఏ మందూ అందుకోని చోట చెయ్యిపెట్టారు. ఒక కిలో యురేనియం-235లోని పరమాణువులన్నీ పగలాలంటే సుమారు 80 రెట్టింపులు చాలు. ఒక్కో రెట్టింపుకు పట్టేది సెకనులో పది కోట్లవ వంతు. మొత్తం తంతు సెకనులో పది లక్షలవ వంతు గడవకముందే అయిపోతుంది. పుట్టే శక్తిలో పదింట తొమ్మిది వంతులకు పైగా చివరి నాలుగు రెట్టింపుల్లోనే పుడుతుంది. కానీ అప్పటికే లోపలి వేడికి లోహం ఉబ్బి విడిపోతుంటుంది. దాన్ని ఇంకొక్క రవ్వ సేపు కలిపి ఉంచాలి. అందుకే యురేనియం చుట్టూ బరువైన టంగ్‌స్టన్ కార్బైడ్ తొడుగు పెట్టారు. పచ్చదారం చేసే పనే అక్కడ ఆ తొడుగు చేసింది.

హిరోషిమా మీద వేసిన బాంబులో మామూలు మందు కూడా ఉంది. అది లోపల ఒక ఫిరంగి. ఒక చివర కొంత యురేనియం, రెండో చివర మిగతాది. మొదటి ముక్కను రెండోదాని మీదికి తోయడానికి కార్డైట్ మందు సంచులు. మందు ముందే కూరి ఉంటే విమానం లేస్తూ కూలితే, అది బయలుదేరే టినియన్ దీవి మొత్తం పోతుందన్న భయం ఉండేది. అందుకని 1945 ఆగస్టు 6 తెల్లవారుజామున విమానం గాల్లోకి లేచాక నేవీ అధికారి విలియం పార్సన్స్ బాంబు గదిలోకి దిగి, ఆ ఇరుకులో ఒక్కో సంచీ కూర్చాడు. ముందురోజు అదే ఇరుకులో సాధన చేశాడు. తర్వాత ఆయన సహాయకుడు మోరిస్ జెప్సన్ వచ్చి పచ్చ రంగు భద్రతా ప్లగ్గులు మూడింటిని తీసి ఎర్రవి పెట్టాడు. మందు కూరే మనిషి జాగ్రత్తలన్నీ వాళ్లు తీసుకున్నారు. విమానంలో ఉన్న పన్నెండు మందీ క్షేమంగా తిరిగొచ్చారు.

కింద ఉదయం 8.15. బాంబులో 64 కిలోల యురేనియం ఉంటే అందులో పగిలింది ఒక కిలో లోపే. శక్తిగా మారిపోయిన ద్రవ్యరాశి గ్రాము కూడా లేదు. అది 15,000 టన్నుల టీఎన్‌టీకి సమానమైంది. పది టన్నుల లారీలు 1,500 వరసగా నింపితే ఎంతో అంత. నేలకు సుమారు 580 మీటర్ల ఎత్తున పేలింది. మొదట వెలుగు, దానితోపాటే వేడి. సరిగ్గా కింది నేల మీద 3,000 డిగ్రీలు దాటింది. బ్యాంకు మెట్ల మీద కూర్చున్న మనిషి నీడ ఆ రాతి మీద మిగిలిపోయింది. ఆ వెనకే గాలి ఒత్తిడి, చుట్టూ ఒకటిన్నర కిలోమీటర్లకు పైగా కట్టడాలను నేలమట్టం చేసింది. తర్వాత ఊరంతా ఒకే మంట. ఆ తర్వాత నల్లవాన. ఒంటిమీద గాయం లేనివాళ్లు కూడా వారాల తర్వాత జుట్టు రాలి, చిగుళ్ల నుంచి రక్తం కారి చనిపోయారు. ఆ ఏడాది చివరికి మరణాలు 1,40,000 దాకా చేరాయని అంచనా.

నాకు మరిచిపోరానిదిగా తోచేది వైద్యుల సంగతి. హిరోషిమాలో ఉన్న వైద్యుల్లో, నర్సుల్లో పదిమందికి తొమ్మిదిమంది చనిపోవడమో గాయపడటమో జరిగింది. ఆసుపత్రులూ ఆ మంటలోనే ఉన్నాయి. హద్దుకు అవతల మనుషులుంటారన్న నమ్మకం ఆ ఉదయం మొదటిసారి తెగిపోయింది. మూడు రోజుల తర్వాత నాగసాకి. అక్కడ ప్లుటోనియం ఆరు కిలోల పైచిలుకు, శక్తి 21,000 టన్నులు.

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. 1952 నవంబరు 1న అమెరికా హైడ్రోజన్ పద్ధతిలో 1.04 కోట్ల టన్నుల పేలుడు జరిపింది. పసిఫిక్ సముద్రంలో ఎలుగెలాబ్ అనే దీవి మాయమైంది. 1954 మార్చి 1న బికినీ దగ్గర పేల్చినదాన్ని 60 లక్షల టన్నులు వస్తుందనుకుని పేల్చారు, 1.5 కోట్ల టన్నులు వచ్చింది. లిథియంలో ఒక రకం పనికిరాదనుకున్నారు, అదీ మండింది. హెచ్చరిక హద్దుకు బయట చేపలు పడుతున్న జపాను పడవ మీద గంటల తరబడి తెల్లటి బూడిద రాలింది. పడవలోని 23 మందికీ జబ్బు చేసింది. రేడియో ఆపరేటరు ఐకిచి కుబోయామా ఆరు నెలల తర్వాత చనిపోయాడు. వాళ్లు పేలుడుకు వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నారు. గదికీ గదికీ మధ్య ఎంత ఖాళీ వదిలితే ఇది ఆగుతుంది?

పేలుడు శక్తి వెయ్యి రెట్లయితే విధ్వంసం వ్యాపించే దూరం పది రెట్లవుతుంది. ఆ లెక్కన, హిరోషిమా బాంబుకు వెయ్యి రెట్లున్న బికినీ బాంబును తిరుత్తంగల్ కొండ మీద ఊహిస్తే, పదహారు కిలోమీటర్ల దాకా కట్టడాలు నిలవవు. అంటే శివకాశి మొత్తం, చుట్టూ ఉన్న పల్లెలు, మందు గదులు, ఆ ప్రభుత్వాసుపత్రి. అంతకు అవతల విరుదునగర్‌లో, శ్రీవిల్లిపుత్తూరులో ఆరుబయట ఉన్నవాళ్ల ఒళ్లు కాలుతుంది. మదురైకి తీసుకెళ్లే మనిషి మిగలడు.

ఇదంతా దూరదేశపు కథ అనుకోవడానికి మనకు వీల్లేదు. 1974 మే 18న, మళ్లీ 1998 మే 11, 13 తేదీల్లో పోఖ్రాన్‌లో మన దేశం పరీక్షలు జరిపింది. ఆ నెలలోనే పాకిస్తానూ జరిపింది. అణ్వస్త్రాలు మోసే జలాంతర్గామి అరిహంత్ విశాఖపట్నంలో తయారై 2009 జులై 26న నీళ్లలోకి దిగింది. అగ్ని క్షిపణుల వెనక హైదరాబాదు ప్రయోగశాలలున్నాయి. వాటిలో పనిచేసిన మనవాళ్ల తెలివిని తక్కువ చేయను. వాళ్లు చేసింది ఏమిటో మనం తెలుసుకోవాలి, అంతే.

2007లో వాతావరణ శాస్త్రవేత్తలు అలన్ రోబాక్, బ్రయాన్ టూన్‌ల బృందం ఒక లెక్క కట్టింది. భారత్, పాకిస్తాన్ చెరి 50 హిరోషిమా స్థాయి బాంబులు వేసుకుంటే కాలే నగరాల నుంచి 50 లక్షల టన్నుల మసి స్ట్రాటోస్ఫియర్ చేరుతుంది. అక్కడ వాన పడదు, మసి దిగదు. ఏళ్ల తరబడి సూర్యుణ్ణి కమ్ముతుంది. భూమి సగటు ఉష్ణోగ్రత సుమారు 1.25 డిగ్రీలు పడిపోతుంది, వానలు తగ్గుతాయి. 2022లో మరో అధ్యయనం పంటల లెక్క కూడా వేసింది. ఈ రెండు దేశాల మధ్య పెద్ద అణుయుద్ధం జరిగితే ప్రపంచంలో రెండు వందల కోట్లకు పైగా మనుషులు ఆకలికి చనిపోవచ్చని అంచనా. అసలే వాన చూసి బతికే కోవిల్పట్టి రేగడి మీద ఒక్క బాంబూ పడనవసరం లేదు. మినుము, పత్తి, జొన్న పండకపోతే చాలు.

2013 మార్చిలో ఓస్లోలో 127 దేశాలు కూర్చుని చర్చించిన ప్రశ్నల్లో ఒకటి ఇది: అణుబాంబు పేలితే గాయపడినవాళ్లను ఎవరు చూసుకుంటారు? భారత్ వెళ్లింది, పాకిస్తాన్ వెళ్లింది. ఐదు పెద్ద అణ్వస్త్ర దేశాలు వెళ్లలేదు. ఏ దేశానికైనా, ఏ అంతర్జాతీయ సంస్థకైనా ఆ అవసరాన్ని తగినంతగా తీర్చే శక్తి ఉండకపోవచ్చని, అలాంటి శక్తిని సమకూర్చుకోవడం బహుశా సాధ్యం కూడా కాదని సమావేశం తేల్చింది. ఆ దారిలోనే 2017 జులై 7న అణ్వస్త్రాల నిషేధ ఒప్పందాన్ని 122 దేశాలు ఆమోదించాయి. 2021 జనవరి 22 నుంచి అది అమల్లో ఉంది. అణ్వస్త్రాలున్న తొమ్మిది దేశాల్లో ఒక్కటీ దానిమీద సంతకం చేయలేదు. మన దేశం ఆ చర్చలకే వెళ్లలేదు.