ముద్దలోంచి మందు

ఈ.కొలై బాక్టీరియాలో మనిషి జన్యువును చొప్పిస్తే అది మనిషి ప్రొటీన్‌ను తయారుచేసి పెడుతుంది, కాకపోతే మరీ హడావుడిగా. అమైనో ఆమ్లాల గొలుసు సరైన ఆకారంలో మడతపడితేనే ప్రొటీన్ పనిచేస్తుంది. అలా మడతపడే వ్యవధి దొరకని గొలుసులు ఒకదానికొకటి అతుక్కుని కణంలోనే ముద్దకడతాయి. వీటినే ఇన్‌క్లూజన్ బాడీలు అంటారు. బాక్టీరియాతో ఇన్సులిన్ తయారీ మొదలైన రోజుల్లోనే ఇవి కంటపడ్డాయి.

ముద్దకట్టిందని సరుకంతా పోయినట్టు కాదు. ముద్దలు బరువైనవి, కణాలను పగలగొట్టి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే అడుగుకు చేరతాయి. డిటర్జెంటు ద్రావణంతో కడిగితే కణపొర తునకలు, అక్కర్లేని ప్రొటీన్లు చాలావరకు వదిలిపోతాయి. శుద్ధిలో పెద్ద భాగం అక్కడే తీరిపోతుంది.

అసలు చిక్కు ఆ తర్వాతే. ముద్దను 8 మోలార్ యూరియాలోనో 6 మోలార్ గ్వానిడిన్ హైడ్రోక్లోరైడ్‌లోనో కరిగిస్తారు. సిస్టీన్ అనే అమైనో ఆమ్లాల మధ్య తప్పుగా పడిన గంధకపు బంధాలు తెగడానికి డీటీటీ లాంటి రసాయనం కలుపుతారు. తెల్లగా, చిక్కగా ఉన్న ద్రవం తేటపడుతుంది. యూరియాను మాత్రం వేడిచేయకూడదు. అందులో పుట్టే సయనేట్ ప్రొటీన్‌ను పాడుచేస్తుంది.

విడివడిన గొలుసుకు తన ఆకారం తనకే తెలుసు. రైబోన్యూక్లియేజ్ ఎంజైముతో ఈ సంగతి నిరూపించిన క్రిస్టియన్ ఆన్‌ఫిన్‌సెన్ 1972 రసాయనశాస్త్ర నోబెల్ గ్రహీతల్లో ఒకరు. ఆ ఎంజైములోని 8 సిస్టీన్లు జతకట్టడానికి 105 మార్గాలుంటే, పనికొచ్చేది ఒక్కటే. అయినా యూరియానూ, బంధాలు తెంచే రసాయనాన్నీ తీసేశాక అది తిరిగి పనిచేసింది.

అయితే గొలుసులు కిక్కిరిసి ఉంటే మడతపడేలోపే మళ్లీ అతుక్కుంటాయి. అందుకే చల్లని బఫర్‌లోకి కొద్దికొద్దిగా వదిలి, బాగా పల్చన చేస్తారు. తప్పుడు బంధాలు విడిపోయి సరైనవి పడేందుకు గ్లూటాథయోన్ రెండు రూపాలనూ, అతుక్కోకుండా ఆర్జినిన్‌నూ వేస్తారు. బఫర్ మసకబారిందంటే ప్రొటీన్ మళ్లీ ముద్దకడుతున్నట్టే. కాస్తంత మందుకు పెద్ద పెద్ద ట్యాంకులు కావలసి రావడం ఈ పద్ధతికున్న పెద్ద ఖర్చు. అయినా గుండెపోటులో రక్తపు గడ్డను కరిగించే రెటిప్లేస్, కీమోథెరపీ రోగుల తెల్లరక్తకణాలు పెంచే ఫిల్‌గ్రాస్టిమ్ ఈ దారినే వచ్చాయి.

ముద్దలో గొలుసులు పూర్తిగా చెదిరిపోవనీ, సరైన ఆకారం కొంత మిగిలే ఉంటుందనీ తర్వాత తేలింది. అలాంటప్పుడు మొత్తం విప్పడం దండగే. ఢిల్లీలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇమ్యునాలజీ శాస్త్రవేత్తలు మానవ గ్రోత్ హార్మోన్ ముద్దలను బాగా క్షారగుణమున్న ద్రావణంలో 2 మోలార్ యూరియాతోనే కరిగించి, పనిచేసే హార్మోన్‌ను రాబట్టారు.