గేరు పడలేదని గేర్ బాక్సు విప్పకండి
ముందు గాలి, కరెంటు, ఆయిలు చూసుకోవాలి

ప్రొద్దుటూరు : జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నుంచి నాపబండలు, సిమెంటు, పులివెందుల వైపు నుంచి అరటి గెలలు లారీల మీదనే పై ఊళ్లకు పోతాయి. లారీ దారిలో నిలిస్తే బండలు చెడిపోవు గానీ గెలలు మాగిపోతాయి. బాడుగ పోతుంది. ఫైనాన్సు కంతు మాత్రం ఆగదు.

ఇటీవలి లారీల్లో కొన్నింటికి క్లచ్ పెడలు ఉండదు. గేర్లు వాటంతటవే మారతాయి. ఇది చూసి లోపల ఏదో మాయ ఉందనుకోనక్కరలేదు. చాలా లారీల్లో ఉండేది మామూలు గేర్ బాక్సే, మామూలు క్లచ్ ప్లేటే. డ్రైవరు కాలూ చెయ్యీ చేసే పనిని గాలి ఒత్తిడి చేస్తుంది. ఎప్పుడు చేయాలో చిన్న కంప్యూటరు చెబుతుంది. అందువల్ల గేరు పడనప్పుడు లోపం చాలాసార్లు బాక్సు బయటే దొరుకుతుంది.

గుర్తులు ఇవీ

నిలిచిన బండికి ఏ గేరూ పడకపోతే ముందు గాలి మీటరు చూడాలి. ఒత్తిడి తక్కువుంటే ఇంజను ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి, 'సుయ్'మనే శబ్దం ఎక్కడినుంచి వస్తోందో వినాలి. సబ్బు నురుగు పూస్తే లీకు బుడగలతో తెలిసిపోతుంది. గాలి ట్యాంకుల్లో చేరిన నీటిని తరచు వదలాలి. బ్రేకులు పనిచేసేదీ ఆ గాలితోనే గనుక ఒత్తిడి లేని బండిని కదిలించరాదు.

గుంతల్లో ఒకసారి పడి, ఒకసారి పడకపోతే వైర్ల మీద అనుమానపడాలి. బ్యాటరీ టెర్మినళ్లు, ఛాసిస్‌కు బిగించిన ఎర్తు వైరు, ఫ్యూజులు చూడాలి. బండల దుమ్ము, తుప్పు, ఎలుకలు ఇక్కడ పెద్ద శత్రువులు. డాష్ బోర్డు మీద కనబడే నంబరును వైర్లు కదిలించకముందే రాసుకుంటే మెకానిక్కుకు సగం పని తగ్గుతుంది.

గేరు పడి, ఇంజను అరుస్తున్నా బండి లాగకపోతే, కాలిన వాసన వస్తే క్లచ్ ప్లేటు అరిగినట్టే. ప్లేటు మార్చాక ఆ సంగతి కంప్యూటరుకు 'నేర్పించాలి'. అది వదిలేస్తే కొత్త ప్లేటుకూ కుదుపులు తప్పవు.

ఆయిలు తీసినప్పుడు డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి ఇనుప ముక్కలు అంటితే, గరగర శబ్దం ఉంటే, అప్పుడే బాక్సు విప్పాలి. సన్నటి బూడిదలాంటి పొడి మామూలే.

క్లచ్ ప్లేటు బదులు ఆయిలు ఒత్తిడితోనే నడిచే పూర్తి ఆటోమేటిక్ బాక్సులు వేరే. వాటిలో ఆయిలు తగ్గినా, ఫిల్టరు మూసుకుపోయినా గేర్లు జారతాయి. ఒకదాని ఆయిలు మరొకదానిలో పోయరాదు.

ఘాటులో జాగ్రత్త

కడప - రాయచోటి దారిలోని గువ్వలచెరువు ఘాటు వంటి చోట దిగేముందే, పైననే, చిన్న గేరు ఎంచుకోవాలి. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగితే ఇంజను పట్టు పోయి, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. గేరు మీద అనుమానం ఉంటే ఘాటు పైననే బండి ఆపేయాలి. ఆలస్యమైన బాడుగ రేపైనా వస్తుంది. లోయలో పడ్డ డ్రైవరు, క్లీనరు ఇంటికి రారు.