క్లోజప్పులో పులిపిరి!

“కట్!”

డైరెక్టరు గారి కేక వినగానే గుండె గుభేలుమంది. ఎందుకంటే ఆ క్షణంలో కెమేరా ముందు నిలబడ్డది హీరో కాదు, విలన్ కాదు... సాక్షాత్తూ నేనే!

తొమ్మిదేళ్ళుగా సహాయ దర్శకుణ్ణి. క్లాప్ కొట్టడం, కంటిన్యుటీ రాసుకోవడం, ఎండలో జూనియర్ ఆర్టిస్టులను వరసలో నిలబెట్టడం... ఇదీ మన ఉద్యోగం. ఆ రోజు కానిస్టేబులు వేషానికి రావలసిన ఆయన రాలేదు. “నువ్వే ఖాకీ తొడుక్కోవయ్యా” అన్నారు డైరెక్టరు గారు. ఒకే ఒక్క డైలాగు. అయితేనేం, క్లోజప్పు క్లోజప్పే కదా!

మానిటర్‌లోకి తొంగిచూసి కెమేరామేన్ గారు పకపకా నవ్వారు. “ఏమయ్యా, మెడ చుట్టూ ఆ మిరియాల దండేమిటి?”

యూనిట్ యూనిట్ అంతా గొల్లుమంది. నేను గబుక్కున మెడ తడుముకున్నాను. అవి నాకు కొత్తవి కావు. నాలుగైదేళ్ళుగా ఒక్కొక్కటీ మొలుస్తూ వచ్చిన పులిపిర్లు. కొన్ని ఆవగింజంత, రెండు మూడు మిరియమంత. నొప్పి లేదు, దురద లేదు. ఎవరు పట్టించుకుంటారు? కానీ ఆ ఖాకీ కాలరు గరుకు చూశారూ... ఒకటి రాసుకుపోయి కాలరుకి ఎర్రటి చుక్క అంటింది. మొదటి టేకులో లేని చుక్క రెండో టేకులో! కంటిన్యుటీ రాసేవాడి మెడ మీదే కంటిన్యుటీ తప్పు!

“మిగతా సీను మూడు వారాల తర్వాత. ఈలోగా వాటి సంగతి చూసుకో. లేదా వేషం ఇంకొకరికి” అన్నారు డైరెక్టరు గారు. నవ్వుతూనే అన్నారు. ఆ నవ్వుకు అర్థం మాకు తెలుసు లెండి.

ఆ సాయంత్రం మేకప్ బాబాయ్ దగ్గర మొరపెట్టుకున్నాను. నలభై ఏళ్ళ సర్వీసు ఆయనది. “ఒరే అబ్బాయ్, ఫిల్ము రోజుల్లో అయితే ఇది సమస్యే కాదురా. లెన్సు ముందు డిఫ్యూజన్ ఫిల్టరు పెట్టేవాళ్ళు, లేదా పల్చటి నెట్ కట్టేవాళ్ళు. మొహం వెన్నెల్లో చూసినట్టుండేది. ఇప్పటి డిజిటల్ కెమేరాలకి జాలి లేదు. చర్మం మీద రంధ్రాలు కూడా లెక్కపెడతాయి” అన్నాడు. పాన్‌కేకు అద్ది చూశాడు. లాభం లేదు. మచ్చయితే రంగుతో కప్పొచ్చు గానీ, ఎత్తుగా ఉన్నదాన్ని ఎలా కప్పుతారు? పక్క నుంచి లైటు పడితే దాని నీడే దాన్ని పట్టిస్తుంది.

ఇక సలహాలు మొదలయ్యాయి. అమ్మ ఫోనులో సున్నం, చాకలి సోడా కలిపి పెట్టమంది. ప్రొడక్షన్ మేనేజరు గారు జిల్లేడు పాలన్నారు. లైట్‌బాయ్ ఒకడు ఫోనులో ఏవో చుక్కల మందు చూపించి “అన్నా, రేపే డెలివరీ” అన్నాడు. (అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఇలాంటి మందుల మీద 2022లోనే హెచ్చరిక చేసిందట. పుట్టుమచ్చలు, పులిపిర్లు ఇంట్లోనే తీసేసుకునే మందు దేనికీ తాము ఆమోదం ఇవ్వలేదని చెప్పిందట. ఇది నాకు తర్వాత తెలిసింది.)

నేను మాత్రం వీటన్నిటికంటే ఘనమైన పని చేశాను. పక్క ఫ్లోర్‌లో జానపదం తీస్తున్నారు. అక్కడొక తెల్ల గుర్రం. గుర్రపు తోక వెంట్రుక కడితే పులిపిరి రాలిపోతుందని మా ఊళ్ళో అనేవారు. గుర్రం మనిషిని బతిమాలి ఒక వెంట్రుక సంపాదించి, అన్నిటికంటే పెద్దదానికి బిగించి కట్టాను. మొదటి రోజు ఎర్రబడింది. రెండో రోజు నల్లబడింది. మూడో రోజుకు చీము పట్టి మెడ తిప్పలేకపోయాను. “యాక్షన్” అని ఎవరు అరిచినా మొత్తం మనిషినే తిరుగుతున్నాను, రోబో లాగా!

అప్పుడు వెళ్ళాను చర్మవ్యాధుల డాక్టరు దగ్గరకి.

డాక్టరమ్మకి యాభై ఏళ్ళుంటాయి. నా గుర్రం కథ విని నవ్వలేదు. లైటున్న చిన్న భూతద్దం పెట్టి ఒక్కొక్కటే చూసింది. పదకొండు ఉన్నాయని లెక్క చెప్పింది. మనం అన్నిటినీ పులిపిర్లే అంటాం గానీ, అందులో జాతులున్నాయట. గరుకుగా, పువ్వులా విచ్చుకున్నట్టు ఉండేవి వైరస్ వల్ల వచ్చేవి. అవి ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి. ఒకే రేజరు నలుగురు వాడితే గడ్డం నిండా పాకుతాయి. (సెట్టులో ఒకే రేజరుతో నలుగురికి గీసే మహానుభావులు ఈ వాక్యం మళ్ళీ చదవండి.) నా మెడ మీదవి అలాంటివి కావు. సన్నని కాడతో వేలాడే మెత్తటి చర్మపు తునకలు. అంటువ్యాధి కాదు, క్యాన్సరూ కాదు. మెడ, చంకలు, గజ్జలు... చర్మం చర్మంతో రాసుకునే చోట, బట్ట రాసుకునే చోట వస్తాయి.

“అయితే కాల్చేయండి మేడమ్. షూటింగుంది” అన్నాను హడావిడిగా.

ఆమె భూతద్దం పక్కన పెట్టి, “మెడ వెనక నలుపు ఎప్పటి నుంచి?” అని అడిగింది.

నేను ఎండ అన్నాను. ఔట్‌డోర్లు కదా మరి!

“ఎండ నలుపైతే మొహానికీ ఉంటుంది. ఇది మందంగా, వెల్వెట్ గుడ్డలా ఉంది. మీ ఇంట్లో షుగరు ఎవరికైనా ఉందా?”

నాన్నకు ఉంది. పెద్దనాన్నకూ ఉండేది. రోజుకు ఎన్ని టీలని అడిగింది. నైట్ షూటింగుంటే పది దాటతాయి. ప్రతిదాంట్లో రెండు చెంచాలు. అర్ధరాత్రి యూనిట్ బిర్యానీ సరేసరి. నిద్ర ఎప్పుడంటే... ప్యాకప్ చెప్పినప్పుడు!

అప్పుడు చెప్పింది అసలు సంగతి. కొందరికి ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. దాన్ని పూడ్చుకోవడానికి శరీరం ఇంకా ఇంకా ఇన్సులిన్ తయారు చేస్తుంది. రక్తంలో అది ఎక్కువైతే చర్మకణాలు అనవసరంగా పెరుగుతాయి. ఆ మెడ నలుపూ, ఈ మిరియాల దండా చాలాసార్లు దాని గుర్తులే. పులిపిర్లున్న ప్రతివాడికీ షుగరు ఉందని కాదు. లావుగా ఉన్నా, గర్భిణీగా ఉన్నా రావొచ్చు. కానీ నా లాంటి చరిత్ర ఉన్నవాడు పరీక్ష చేయించుకోకుండా ఉండకూడదు.

“షుగరు ఎంతుందో చూడకుండా మీ మెడ మీద పదకొండు గాయాలు చేయను” అని, చీము తగ్గడానికి మాత్రలు రాసి పంపేసింది.

ఐదు రోజులకు రిపోర్టు వచ్చింది. పరగడుపున 114. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష ఉంది కదా, అది 6.3. ఆ లెక్కలో 5.7 లోపుంటే మామూలు. 6.5 వస్తే షుగరు వ్యాధే. నేను గేటు పట్టుకుని లోపలికి తొంగిచూస్తున్నానన్న మాట! నాకు ముప్పై ఆరేళ్ళు. నాన్న కాలి వేలు తీసేసిన రోజు ఆస్పత్రి వరండాలో కూర్చున్నది నేనే. ఆ రిపోర్టు కాగితం చేతిలో పట్టుకుంటే ఆ వరండాలో డెట్టాల్ వాసన మళ్ళీ వచ్చింది. వేషం సంగతి నిజంగానే మరచిపోయాను.

డాక్టరమ్మ మాత్రం మరచిపోలేదు. “ఇది ఇంకా వెనక్కి తిప్పుకోగల దశ. ముందు మీ షూటింగు పని చూద్దాం, పడుకోండి” అంది.

గుండెకు పేస్‌మేకర్ ఉందా, రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నారా, దెబ్బ తగిలితే చర్మం గడ్డ కట్టినట్టు ఉబ్బుతుందా... మూడు ప్రశ్నలు. దేనికీ అవును లేదు. మెడకు తెల్లటి క్రీము పట్టించి పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం కప్పారు. ముప్పావుగంటకు మొద్దుబారింది. పెన్ను లాంటి పరికరం, కొసన సన్నటి తీగ. డాక్టరమ్మ కాలితో పెడల్ నొక్కగానే “చిర్ర్...” మంది. జుట్టు కాలిన వాసన. ఒక్కోదానికి కొన్ని సెకన్లే! గుర్రపు వెంట్రుక బాధితుడికి మాత్రం చిన్న సూదిమందిచ్చి, కత్తెరతో కాడ కత్తిరించి, మొదలు కాల్చారు. సూది చురుక్కుమంది, అంతే. మొత్తం ఇరవై నిమిషాలు. ఖర్చు నా నాలుగు రోజుల బేటా.

లేవబోతూ ఆశపడ్డాను. “మేడమ్, కుడి చెంప మీద పుట్టుమచ్చ కూడా...”

దాన్నీ భూతద్దంతో చూసింది. పెరిగిందా, రంగు మారిందా, అంచులు వంకరపోయాయా, రక్తం వచ్చిందా అని అడిగింది. చిన్నప్పటి నుంచీ అలాగే ఉంది. “అయితే దాని జోలికి పోకండి. పుట్టుమచ్చను నేను కాల్చను. తీయాలంటే కోసి ల్యాబుకు పంపాలి. కాల్చేస్తే పరీక్షకు ఏం మిగులుతుంది? పార్లర్లలో అలా కాల్పించుకుని వస్తుంటారు” అంది. ఆ మాట బాబాయ్‌కి చెబితే ఆయన ఇంకో అడుగు ముందుకేశాడు. “ఒరే, మార్లిన్ మన్రోకి ఎడమ చెంప మీద లేదూ? రాబర్ట్ డినీరోకి కుడి చెంప మీద లేదూ? నీకేం వచ్చిందిరా!” పోల్చిన తీరుకు నేను రెండు రోజులు నేల మీద నడవలేదు.

పెచ్చులు పది రోజుల్లో వాటంతటవే రాలిపోయాయి. గిల్లకూడదు, మెడ మీదికి రేజరు పోనివ్వకూడదు, ఎండ తగలనివ్వకూడదు. మన చాయ చర్మానికి కాల్చిన చోట నల్ల మచ్చ పడి కొన్ని నెలలుంటుందట. నాకు రెండు పడ్డాయి. అవి రంగుకు లొంగే మచ్చలే కనుక బాబాయ్ ఒక్క టచప్‌లో మాయం చేశాడు.

సీను ఒక్క టేకులో ఓకే అయింది. తీరా ఎడిటింగులో నా మొహం షాటు ఎగిరిపోయి, వెనక నుంచి తీసింది మిగిలింది. తెర నిండా నా మెడే!

ఇప్పుడు పొద్దున్నే కృష్ణకాంత్ పార్కులో నడుస్తున్నాను. మూడు నెలల తర్వాత 6.3 కాస్తా 5.9 అయింది. ఏడు కిలోలు తగ్గాను. బిర్యానీతో మాత్రం యుద్ధం నడుస్తూనే ఉంది, ఎవరు గెలుస్తారో చెప్పలేను. సెట్టులో నాకు విడిగా చక్కెర లేని టీ ఫ్లాస్కు పెట్టించుకున్నాను.

మొన్న చూస్తే ఆ ఫ్లాస్కు ఖాళీ! ప్రొడక్షన్ కుర్రాణ్ణి పట్టుకుని గట్టిగా అడిగాను. వాడు చుట్టూ చూసి చెవిలో చెప్పాడు. “కెమేరామేన్ గారు తాగేశారు సార్. మీ డాక్టరమ్మ అడ్రసు కూడా అడిగి తెమ్మన్నారు. మీకు చెప్పొద్దన్నారు.”