చెవికి తగిన పుస్తకములు

గడచిన సంవత్సరము మేము కంటి శుక్లమును తీయించుకొనవలసి వచ్చినది. చికిత్స యైన పిదప కొన్ని వారములవరకు పుస్తకము పట్టరాదని వైద్యులు కట్టడి చేసిరి. రాత్రి పది పుటలైనను చదువనిదే నిదురపట్టని మాకు ఆ కట్టడి నిరాహారవ్రతమువలె తోచినది. అది చూచి మా మనుమరాలు తన ఫోనులో నొక నవలను పెట్టి, ఇయర్ ఫోనులు మా చెవులకు తగిలించి, “తాతయ్యా, డాక్టరుగారు చదవవద్దన్నారు గాని వినవద్దనలేదు కదా!” అనినది. కన్ను కుదుటబడినది గాని ఆ యలవాటు మాత్రము పోలేదు. నాటినుండి కథలు, నవలలు, నాటకములు, చరిత్రలు, స్వీయచరిత్రలు, శాస్త్రవిషయములు పెక్కు వింటిమి. కొన్ని మిక్కిలి యానందము గూర్చినవి. కొన్నిటిని నడుమనే యాపివేసితిమి. ఏవి యెందుకు రుచించినవో, ఏవి యెందుకు రుచింపలేదో విద్యార్థులకును వారి తలిదండ్రులకును విన్నవింప దలచినాము.

వీనిని జనులు ఆడియో పుస్తకములనుచున్నారు. పేరు క్రొత్తది గాని పని పాతది. మన పెద్దలు విద్వాంసుని బహుశ్రుతుడనిరి. అనగా చాల విన్నవాడని యర్థము. ఊరి కొక తాటాకు ప్రతి యున్న కాలమున ఒకడు చదువగా నూర్గురు వినెడివారు. పురాణ కాలక్షేపము, జముకుల కథ, బుర్రకథ యన్నియు చెవిద్వారమున వచ్చిన విద్యలే. మన పొరుగున విజయనగరమున హరికథకు పితామహుడని పేరొందిన ఆదిభట్ల నారాయణదాసుగారు (1864-1945) ఒక్కరే పాత్రలన్నిటి నభినయించుచు, పాడుచు, కథ చెప్పుచుండెడివారు. మిషను చరిత్రను తెలిసినవారికి మరియొక యుదాహరణము దూరము పోకయే దొరకును. 1805లో లండను మిషనువారగు క్రాన్, డే గ్రాంజి దొరలు విశాఖపట్టణమున దిగి, ఆనందరాయరుగారి సాహాయ్యముతో సువార్తలను తెనిగింప బూనిరి. వానిలో మూడు 1812లో శ్రీరామపురమున అచ్చుపడునప్పటికి ఆ దొర లిరువురును మన్నైరి. అక్షరము వచ్చినవారు మిక్కిలి యరుదుగా నున్న ఆ దినములలో ఆ గ్రంథము చదువరులకంటె శ్రోతలనే యెక్కువగా చేరియుండును.

తరువాత రేడియో వచ్చినది. మన పట్టణమున ఆకాశవాణి కేంద్రము 1963లో వెలసినది. అంతకు బూర్వమే 1948లో వెలసిన విజయవాడ కేంద్రమునుండి ఉషశ్రీగారు పిమ్మట రామాయణ భారతములను చెప్పుచుండగా, వీధిని నడచిపోవువాడు ఒక యింటి రేడియో వెనుకబడగానే తరువాతి యింటి రేడియో అందుకొనుటచే ఒక్క వాక్యమైనను జారవిడువక వినుచు పోయెడివాడని ఆ కాలమువారు నేటికిని చెప్పుకొందురు.

పుస్తకమును యంత్రముచే చదివించు ఆలోచన మాత్రము అంధుల కొరకే పుట్టినది. ఎడిసను దొర 1877లో ఫోనోగ్రాఫును కనిపెట్టి, మరుసటి సంవత్సరము దాని యుపయోగములను వ్రాయుచు, అంధులకు శ్రమ లేకుండ వినిపించు పుస్తకములను రెండవదిగా బేర్కొనెను. ఆయన యంత్రము కొలది నిమిషములకంటె పలుకలేకపోవుటచే అది కలగానే యుండిపోయినది. మొదటి మహాయుద్ధమున కన్నులు పోయిన సైనికు లనేకులు ఇండ్లకు తిరిగి వచ్చిరి. 1916లో సోం రణరంగమున చూపు గోల్పోయిన అయాన్ ఫ్రేజరు దొర వారిలో నొకడు. అట్టివారి పట్టుదలవలన 1935లో ఇంగ్లండున, మెల్లగ తిరుగు పెద్ద గ్రామఫోను ప్లేట్లపై పుస్తకములు వెలువడినవి. మొదట వచ్చిన వానిలో అగాథా క్రిస్టీ వ్రాసిన అపరాధ పరిశోధన నవల యొకటి, జోసెఫ్ కాన్రాడు వ్రాసిన టైఫూను అను తుపాను కథ యొకటి. ఎంపిక బాగున్నది. హంతకు డెవడో తెలియువరకు శ్రోత లేవడు. తుపాను సంగతి కన్నుకంటె చెవికే యెక్కువ తెలియును. 2014 అక్టోబరు 12వ తేదీని తలుపులు బిగించుకొని హుద్‌హుద్ గాలిని విన్న మన పట్టణవాసులకు ఈ మాటను వివరింప నక్కరలేదు.

ఇక మా యభిప్రాయములు. మొదట నాటకము. వేషములు, తెరలు లేకున్నను కన్యాశుల్కము చెవికి నిండుగ నుండును. గురజాడ అప్పారావుగారు దానిని 1892లో ప్రదర్శింపజేసి, 1897లో అచ్చువేయించి, 1909లో పెంచి తిరుగ వ్రాసిరి. అందలి ప్రతి మనిషికిని వేరు మాటతీరున్నది. గిరీశము నోరు విప్పగనే ఇతడు గిరీశమని తెలియును. అగ్నిహోత్రావధానులు పేరు చెప్పకయే కేకవలన గుర్తుపట్టబడును. కాని యొక్కరే చదువునప్పుడు ప్రతి సంభాషణమునకు ముందు పాత్ర పేరు చదువుటచే విసుగు పుట్టును. మేము విన్న యొక ప్రతిలో మధురవాణి పేరు వినివిని, ఆమె మాటలకంటె ఆమె పేరే మా చెవిలో మిగిలినది. నాటకమునకు కనీసము నలుగురు చదువరులుండవలెను.

కథల విషయమున రాచకొండ విశ్వనాథశాస్త్రిగారిని (1922-1993) గూర్చి మేము కొంచెము కోపముతో చెప్పవలసియున్నది. ఆయన మన పట్టణపు న్యాయవాది. ఆరు సారా కథలలో కోర్టు వరండా, పోలీసు ఠాణా, సారా దుకాణము అన్నియు మన వీధులవే. మాటయు మన వీధులదే. దానిని మరియొక ప్రాంతపు చదువరి తన జిల్లా యాసతో చదువగా వింటిమి. అక్షరము తప్పలేదు, ఉచ్చారణ నిర్దోషముగ నున్నది. కథ మాత్రము చచ్చినది. మన జాలరిపేటలోనో, పూర్ణామార్కెటులోనో పుట్టి పెరిగినవాడు ఆ వాక్యమునకు ఎక్కడ గొంతు సాగదీయునో, ఎక్కడ తుంచునో అచ్చుపుటలో నుండదు. పుటను చదువువాడు దానిని తన మనసులో పూరించుకొనును. చదివి వినిపించువాడు తప్పుగా పూరించినచో శ్రోతకు దిక్కులేదు. వ్రాతప్రతికిని వినికిడిప్రతికిని గల పెద్ద భేద మిదియే యని మా నమ్మకము. ఆయన అల్పజీవి నవలలో మరియొక చిక్కు కలదు. అందు పిరికివాడైన సుబ్బయ్య తనలో తాననుకొను మాటలు, పైకి చెప్పు మాటలు అల్లుకొని పోవును. చదువరి రెంటికిని గొంతు మార్చనిచో ఏది యనుకొన్నది, ఏది యన్నది తెలియదు. మార్చుట యెరిగినవాడు చదివినప్పుడు మాత్రము ఆ భయము మన గుండెలోనే కొట్టుకొన్నట్లుండును.

వేయిపడగలు వినుటకు మేము జంకితిమి. అంత పెద్ద పుస్తకము! మూడువందల పుటల నవలకే ఎనిమిది పది గంటలు పట్టును. కాని మా శంక తప్పైనది. విశ్వనాథ సత్యనారాయణగారు దానిని తామే నోట చెప్పుచుండగా తమ్ముడు వ్రాసెననియు, ఇరువదితొమ్మిది దినములలో ముగిసెననియు ప్రసిద్ధి. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారి బహుమానమును అడివి బాపిరాజుగారి నారాయణరావుతో పంచుకొన్న నవల యది. నోట పుట్టినది గనుక చెవికి సులువుగ నెక్కుచున్నది. ఎంత పొడుగు వాక్యమైనను ఊపిరి నిలుచు తావున నిలుచును. కథ విడిచి ప్రక్కత్రోవ పట్టినప్పుడు పుటలు త్రిప్పుటకు వీలులేకపోవుట యొక్కటే లోపము. దానిని కొందరు గుణమనియే చెప్పవచ్చును. ప్రసంగవశమున నొక మాట: మన ఉక్కు కర్మాగారమును 1992 ఆగస్టు 1వ తేదీని జాతికి అంకిత మొనర్చిన పి.వి. నరసింహారావుగారే ఈ నవలను సహస్రఫణ్ అను పేర హిందీలోనికి దెచ్చిరి. గాజువాక దాటి ఉక్కునగరము పోవు బస్సులో, రాత్రి షిఫ్టు ముగించి కన్నులు మండుచున్న పనివాడు దానిని చెవితో విని దిగుట నేడు సాధ్యమే.

కల్పన కానివానిలో స్వీయచరిత్రలకు మొదటి పీట వేయుదుము. ఒక మనిషి తన కథ తాను చెప్పుచున్నప్పుడు వినుటకంటె సహజమైన దేమున్నది? టంగుటూరి ప్రకాశము పంతులుగారి నా జీవితయాత్ర వినునప్పుడు ఎదుట నొక పెద్దమనిషి కూర్చుండి దాపరికము లేక చెప్పుచున్నట్లుండును. యాత్రాగ్రంథము లంతకంటె బాగుండును. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830-31లో చెన్నపట్టణమునుండి కాశికి పోయివచ్చుచు మిత్రునకు వ్రాసిన లేఖలే కాశీయాత్రచరిత్ర. లేఖ యనగా నొకరి కొకరు చెప్పుకొను మాటయే గదా. మజిలీ కొక భాగముగ వినవచ్చును; మన ఉత్తర సర్కారులమీదుగ ఆయన తిరిగివచ్చు ఘట్టము మాకు రెండుమార్లు వినవలెననిపించినది.

చరిత్ర గ్రంథములు అట్లు కావు. తేదీలు, వంశావళులు, సంఖ్యలు వరుసగ వచ్చునప్పుడు చెవి వానిని పట్టలేదు. వెనుకకు త్రిప్పుదమన్న ఎంత దూరము త్రిప్పవలెనో తెలియదు. శాస్త్రగ్రంథములలో ఇంకను కష్టము. గణితము సంగతి చెప్పనేల! ఒక విజ్ఞానపుస్తకములో చదువరి గంభీరముగ “పటమును చూడుడు” అని పలికి ముందుకు సాగిపోయెను. మేము చీకటిలో పండుకొని నవ్వుకొంటిమి. యంత్రమే చదువు పుస్తకములు కూడ నిప్పుడున్నవి. వార్తలకు చాలును, పద్యమును దాని కప్పగింపరాదు, యతిస్థానమున నిలువక సమాసము నడుమ నిలుచును.

వినినచో చాలునా, చదువ నక్కరలేదా యని తలిదండ్రులు మమ్ము తరచుగా నడుగుచున్నారు. చాలదు. శకార షకారములకు, లకార ళకారములకు భేదము కన్ను చూచి, చేయి వ్రాసి నేర్చునదే. వింటూ పెరిగిన పిల్లవాడు కథను చక్కగ చెప్పును గాని అదే కథను వ్రాయుమన్నచో పంక్తికి నాలుగు తప్పులు వ్రాయుచున్నాడు. ఇది మేము కన్నులార చూచినది. అయితే చదువుట కష్టమై పుస్తకమన్ననే దూరముగ పారిపోవు పిల్లవానికి, పుస్తకము చేతనుంచుకొని చదువరి గొంతువెంట వ్రేలు నడుపుచు వినుట మేలైన యుపాయము. అట్లు ఒక నవల ముగించిన బాలుడు రెండవదానిని తానే చదువబూనుట గలదు. వేగమును ఒకటిన్నర రెట్లు పెంచి వినుట మాత్రము మాకు నచ్చదు. అది భోజనము కాదు, మ్రింగుట.

చూపులేని విద్యార్థుల ప్రశ్న వేరు. వారికి వినుట విలాసము కాదు; బ్రెయిలీతో పాటు అదియే బడి. మనకు నవ్వు తెప్పించిన ఆ “పటమును చూడుడు” అను మాట వారిని పరీక్షలో నిలువున ముంచును. వారి పాఠ్యపుస్తకమును చదువువాడు పటమును మాటలుగ మార్చవలెను. మన రేవు పటమునే తీసికొందము. “ఓడలు వచ్చు కాలువలో సముద్రమువైపు మొగమై నిలిచితిమనుకొనుము. కుడిచేతివైపు డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రములోనికి చొచ్చియున్నది. ఎడమచేతివైపు పాతపట్టణము, అందు చర్చి యొక కొండపైన, దర్గా యొక కొండపైన, వేంకటేశ్వరస్వామి గుడి యొక కొండపైన నున్నవి.” ఇట్లు చెప్పినచో రేవు కొండచాటున ఏల నిర్మింపబడినదో చూపున్నవానికంటె ముందుగ చూపులేని బాలుడే గ్రహింపగలడు. డైసీ అను పద్ధతిలో సిద్ధపరచిన పుస్తకములలో అధ్యాయమునుండి అధ్యాయమునకు, పుటనుండి పుటకు కోరినట్లు పోవచ్చును. చరిత్ర పుస్తకములను గూర్చి మేము పైన చెప్పిన బాధ వానితో చాలవరకు తీరును. ఇట్టి గ్రంథములకై మన ప్రభుత్వమువారు 2016లో సుగమ్య పుస్తకాలయమును స్థాపించిరి. చట్టమును గూర్చి భయపడ నక్కరలేదు. 2012లో సవరింపబడిన మన గ్రంథస్వామ్యపు చట్టము, లాభాపేక్ష లేక వికలాంగుల యుపయోగమునకై పుస్తకములను ఇట్లు మార్చుటకు అనుమతించుచున్నది. 2013లో మరాకేషున కుదిరిన అంతర్జాతీయపు ఒడంబడికను అన్ని దేశములకంటె ముందుగ 2014లో ధ్రువపరచినదియు మన దేశమే.

పై తరగతుల బాలబాలికలు కొందరిచే మేము ఈ పని ప్రయత్నింపజేసితిమి. మొదటి దినము పంకా చప్పుడు చదువరి గొంతును మ్రింగినది. రెండవ దినము పంకా నాపితిమి, కాకులు వచ్చినవి. కిటికీలు మూసి, గోడలకు దుప్పట్లు వ్రేలాడదీసి, మూడవ దినము సాంఘికశాస్త్రమున నొక పాఠము పూర్తిచేసితిమి. ఇరువదినిమిషముల పాఠమునకు చెమటలు కక్కుచు రెండుగంటలు పట్టినది. దానిని విన్న చూపులేని విద్యార్థి యొకడు, చదివిన బాలిక ప్రతి వాక్యము చివరను గొంతు దించివేయుచున్నదని తప్పు పట్టెను. ఆ బాలిక చిన్నబోక మరునాడు తిరిగి చదివెను, ఈమారు బాగున్నది. ఇంకను పదునొకండు పాఠములున్నవి. గొంతు నిలుకడగ నుండి, వారమునకు రెండు సాయంకాలములు కూర్చుండగల విద్యార్థులు తమ తెలుగు ఉపాధ్యాయులయొద్ద పేరు వ్రాయించుకొనవచ్చును. దుప్పట్లు ఇంటినుండి తెచ్చుకొనవలెను; ఉన్నవి చాలుట లేదు.